కలి వీడిన పిదప: నలోపాఖ్యానమున తండ్రి

వ్యసనమునకు లోబడి యిల్లు చెఱచుకొన్న పురుషుని కథ తెలుగు సాహిత్యమునకు క్రొత్త గాదు. కాని యట్టివాడు వ్యసనమును వీడి, తిరిగి తన యింటి గడప త్రొక్కి, భార్యకు భర్తగను బిడ్డలకు తండ్రిగను నిలిచిన కథ మన ప్రాచీనకావ్యములం దెన్ని చోట్ల గలదని వెదకినచో, లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లే యెక్కువ యగును. పతనమును వర్ణించుటయందు మన కవులు చూపిన నైపుణ్యము తిరిగి వచ్చుటను వర్ణించుటయందు చూపలేదు. అందుకు గొప్ప యపవాదము ఆంధ్రమహాభారతము అరణ్యపర్వమున నన్నయభట్టు తెనిగించిన నలోపాఖ్యానము.

దీనిని పాతివ్రత్యకథగ జెప్పుట లోకమున పరిపాటి. కలిదోషహరమని భక్తితో వినువారును, విధిబలమునకు దృష్టాంతముగ నుదాహరించువారును గలరు. ఇవి యేవియు నసత్యములు గావు. కాని వీనివలన నొక విషయము మఱుగునపడినది. దమయంతి యోర్పును మెచ్చుకొను తొందరలో నలుడు కోలుకొనుటకు పడిన శ్రమను మనము చదువక విడిచితిమి. నలోపాఖ్యానము వ్యసనమునుండి కోలుకొన్న తండ్రి తన కుటుంబమును మరల కట్టుకొనిన కథ యనియు, ఆ కట్టుకొనుటయందు వ్యసనమును వీడుట తొలిమెట్టే గాని కడమెట్టు గాదనియు నిరూపించుట యీ వ్యాసమున మా యుద్దేశము. కథాఘట్టముల క్రమమునకు వ్యాసమూలమును ప్రమాణముగ గొంటిమి. నన్నయ సంక్షేపించిన తావులను గూర్చిన చర్చ వేఱొక వ్యాసమునకు దగినది.

1. జూదమును త్రాగుడును

నలుని వ్యసనము జూదము. నేడు మన యిండ్లను ఎక్కువగ బాధించునది త్రాగుడు. ఒకదానిని గూర్చిన కథను రెండవదాని కన్వయించుట యెట్లు పొసగునని యాక్షేపింపవచ్చును. మన పెద్దలు సప్తవ్యసనములను లెక్కించినపుడు ద్యూతమును పానమును ఒకే పంక్తిని గూర్చుండబెట్టిరి. పాశ్చాత్యవైద్యులు చాలకాలము వీనిని వేఱువేఱుగ నెంచి, తుదకు 2013లో అమెరికా మనోవైద్యసంఘము ప్రకటించిన రోగవర్గీకరణమున జూదమును మద్యాదివ్యసనముల వర్గముననే చేర్చిరి. 2022లో నమలునకు వచ్చిన ప్రపంచారోగ్యసంస్థ వర్గీకరణమును ఈ మార్గమునే త్రొక్కినది. కావున మా యన్వయము సాహసము గాదు.

ఋగ్వేదము పదవ మండలమునందలి అక్షసూక్తము ఈ విషయమున మనకు లభించు మిగుల ప్రాచీనమైన సాక్ష్యము. అందలి జూదరి భార్యకు దూరమైనాడు. తలిదండ్రులును తోబుట్టువులును వీని నెఱుగమని చెప్పుదురు. పరుల చక్కని యిండ్లను చూచి వాడు కుములును. ఉదయమున మానివేయుదుననుకొని, పాచికల చప్పుడు చెవిని పడగనే మరల బయలుదేరును. సూక్తము తుదిని వానికి దొరకిన హితవు స్వర్గమును గూర్చినది గాదు. పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మనుట. పశువులును గృహిణియు ఆ సేద్యమునందే గలరని దాని తాత్పర్యము. వ్యసనమునకు విరుగుడు నిత్యకృషియనియు, ఆ కృషికి ఫలము గృహమనియు వేదకాలముననే గుర్తింపబడినది. ఈ తలంపును తరువాతి మన కావ్యములు చాలవఱకు మఱచినవి.

2. ఇంటికి రాని మువ్వురు

శ్రీనాథుని కాశీఖండమునందలి గుణనిధిని తీసికొందము. యజ్ఞదత్తుని కొడుకు, జూదరి. తల్లి వాని దోషములను తండ్రికి తెలియనీయక కప్పిపుచ్చును. తన యుంగరము జూదరి చేతి వ్రేల గనబడుదాక తండ్రి కేమియు తెలియదు. తెలిసిన పిదప తండ్రికి కోపమే గాని వేఱొక యుపాయము తోపదు. కప్పిపుచ్చు తల్లి యొకవైపు, త్రోసివైచు తండ్రి యొకవైపు నుండ, నడుమ కొడుకు ఇల్లు విడిచిపోవును. శివరాత్రినాడు ఆకలిచేత నైవేద్యము దొంగిలబోయి, దీపపు వత్తి నెగద్రోసి, కావలివారిచేత హతుడై శివదూతలవెంట కైలాసమునకు బోవును. పాఠకునకు ఊఱట గలిగినది. కాని యజ్ఞదత్తుని యింట నేమి మాఱినది?

తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమునందలి నిగమశర్మ కథ యింతకంటె లోతైనది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు నిగమశర్మ యక్కను గూర్చి వ్రాసిన వ్యాసముచేత ఆ పేరులేని సోదరి తెలుగు పాఠకులకు ఇంటియాడుబిడ్డ యైనది. ఆమె పుట్టినింటికి వచ్చి, తమ్ముని చేరదీసి, మందలించి, బుజ్జగించి దారికి దెచ్చినట్లే కనబడును. ఇల్లు కొన్నాళ్లు తేరుకొనును. అంతలో నతడు ఇంటి సొమ్ములను మూటగట్టుకొని, అక్క ముక్కరను సైతము విడువక, రాత్రికి రాత్రి పాఱిపోవును. వ్యసనమున తిరిగి పడుటను ఇంత నిక్కచ్చిగ జెప్పిన ఘట్టము మన కావ్యములలో మఱియొకటి లేదని చెప్పవచ్చును. మాటవిన్నట్లు కనబడుట వేఱు, కోలుకొనుట వేఱు అని రామకృష్ణుడు చిరునవ్వుతో జెప్పినాడు. కాని అతడును తన నాయకుని ఇంటికి దేలేదు. క్షేత్రమున మరణించి నిగమశర్మ ముక్తుడయ్యెను. అక్క ముక్కర తిరిగి రాలేదు.

మూడవవాడు బిల్వమంగళుడు. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి నాటకముచేత ఆంధ్రదేశమున వాని నెఱుగనివారు లేరు. వేశ్యాసక్తుడైన యతడు విరక్తుడై లీలాశుకుడగును. సంసారము చెడినది, సన్న్యాసము ఫలించినది.

ఈ మువ్వురి కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక రహస్యము బయలుపడును. కవికి కావలసినది క్షేత్రమాహాత్మ్యమో, భక్తిమహిమయో. పాపి యెంత లోతునకు దిగజాఱిన, ఉద్ధరించిన దైవము అంత గొప్ప. అట్టి కథాశిల్పమున తిరిగి యింటికి వచ్చి, మఱునాడు తెల్లవారగనే లేచి, పని చూచుకొను మనుష్యునకు చోటు లేదు. మోక్షము కథను ముగించును. గృహము కథను కొనసాగించును. మాహాత్మ్యకావ్యమునకు ముగింపు కావలెను. ఇంటి కట్టి ముగింపు లేదు. మన సాహిత్యమున తిరిగివచ్చిన తండ్రి కానరాకుండుటకు మూలకారణ మిదియే యని మా యభిప్రాయము.

3. నలుడు నడచిన త్రోవ

నలుని పతనము సుపరిచితము. కలి యావహించి, పుష్కరునితో జూదమాడ మొదలిడి నెలల తరబడి విడువడు. పౌరులును మంత్రులును వాకిట నిలిచిరని దమయంతి విన్నవించినను పలుకడు. ఆమె యప్పుడు చేసిన పని విమర్శకులు తగినంతగ గమనింపనిది. సర్వము పోకముందే వార్ష్ణేయుడను సారథి చేత బిడ్డల నిద్దఱిని విదర్భకు, తన పుట్టినింటికి బంపినది. తాను మాత్రము భర్తవెంట నిలిచినది. బిడ్డలను కాపాడుటయు భర్తను విడువకుండుటయు వేఱువేఱు ధర్మములని యామె యెఱుగును. గుణనిధి తల్లి కప్పిపుచ్చినట్లు ఈమె కప్పిపుచ్చలేదు.

అడవిలో సగము చీర చించుకొని నలుడు ఆమెను విడిచిపోవును. పోవుచు మరలి వచ్చును, మరల పోవును. ఈ ఊగిసలాట వ్యసనపరుని చిత్తమునకు అచ్చమైన ప్రతిబింబము. ఇక్కడనుండి కోలుకొనుట యారంభమగును. కార్కోటకుడు కఱచుటచేత రూపము మాఱును. ఆ విషము నలుని గాక లోనున్న కలిని దహించుచుండును. రాజు బాహుకుడై ఋతుపర్ణుని గుఱ్ఱపుసాలలో కొలువున గుదురుకొనును. ప్రతిసాయంకాలమును తాను విడిచిన యాలిని దలచి యొకే శ్లోకము జపమువలె జెప్పుకొనును. తోడిపనివాడైన జీవలుడు ఎవరిని గూర్చి యని యడుగగా, ఎవడో మందబుద్ధి తన భార్యను విడిచెనని పరునికథగ జెప్పును. పని, దినదినమును తప్పని స్మరణ, ఒక్క తోడిమనుష్యుని యెదుట సగము చెప్పిన నిజము: ఈ మూడింటితో మూడేండ్లు గడచినవి. ఇందు మహిమ యేమియు లేదు. ఇంత నిరాడంబరముగ కోలుకొనుటను జెప్పిన కావ్యభాగము అరుదు.

పిమ్మట విదర్భకు బోవు దారిలో తాండ్రచెట్టు క్రింద ఋతుపర్ణునివలన అక్షహృదయము లభించును. కలి కార్కోటకవిషమును గ్రక్కుచు వెలికి వచ్చును. శపింపబోయిన నలుడు వాడు వేడుకొనగా కోపము నణచుకొనును. వ్యసనము దేహమును విడుచుట సుఖముగ జరుగు పని గాదని కవి యెఱుగును. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధింపబడి మద్యపు దుకాణములు మూతపడినపుడు, త్రాగుడు హఠాత్తుగ నిలిచి వణకుచు, చిత్తభ్రాంతితో ఎఱ్ఱగడ్డ మానసికచికిత్సాలయమునకు వచ్చినవారి వార్తలు పత్రికలలో చదివినవారికి, విషము గ్రక్కుచు వెలువడిన కలి కేవలకల్పనగ దోపడు.

ఇక్కడ కథ ముగియవలెను గదా! కలి పోయినాడు. కాని రూపము రాలేదు. నలుడు నిర్దోషియైనను ఇంకను కుఱుచచేతుల బాహుకుడే. ఈ యెడమునందే ఉపాఖ్యానహృదయ మున్నదని మేము తలంతుము.

4. బిడ్డల ఘట్టము

విదర్భకు జేరిన బాహుకుని దమయంతి పరీక్షించును. కేశిని యను చెలికత్తెను బంపి వాని నడవడిని కనిపెట్టించును. వాడు వండిన వంటను తెప్పించి రుచి చూచును. కడకు బిడ్డల నిద్దఱిని పంపును. బాహుకుడు వారిని చూచి పరుగెత్తి యెత్తుకొని కన్నీరు మున్నీరుగ నేడ్చును. వెంటనే తేరుకొని, దింపి, వీరు నా బిడ్డలను బోలియుండుటచే కంట నీరు వచ్చెనని కేశినితో బొంకును. నీవు మాటిమాటికి వచ్చుట చూచువారికి బాగుండదు, పొమ్మనును.

ఈ బొంకును విమర్శకులు కథాకుతూహలమును నిలుపుటకు జేసిన యుపాయముగ భావింతురు. మేమును చిరకాల మట్లే పాఠము చెప్పియుంటిమి. దీని కింతకంటె దృఢమైన యర్థము మాదన్నపేటలో మాకు వినవచ్చినది. గోలకొండ సుల్తాను తానీషా మంత్రి మాదన్న పేర వెలసిన యా పేట పాతనగరమున కూరగాయల అంగడికి ప్రసిద్ధము. అచ్చట కొందఱు శ్రోతలకు మేము ఈ యుపాఖ్యానమును వరుసగ చదివి చెప్పుచుండగా, అంగడిలో మూటలు మోయు నొకరు, ఇద్దఱు బిడ్డల తండ్రి, త్రాగుడు మానినవారు, ఈ ఘట్టమున మమ్ము నిలిపి యడిగిరి: "పిల్లలు ఎదురుంగనే ఉన్నరు గద సారూ, నేనే మీ నాయినను అని ఎందుకు చెప్పలే?" మేము కథోపాయమును గూర్చి యేదో చెప్పబోతిమి. ఆయన తల యడ్డముగ నూపి, తన ప్రశ్నకు తానే బదులు చెప్పిరి: "మొఖం ఇంక రాలే గద. నేను బంద్ చేసినంక గూడ ఆర్నెల్ల దాక నా బిడ్డ నా దగ్గరికి రాలే. తాగుడు వొయ్యింది గని మొఖం రాలే."

ఈ వాక్యముకంటె మంచి వ్యాఖ్య మాకు గ్రంథములలో దొరకలేదు. కలి వీడుట యొకనాటి పని. ముఖము తిరిగి వచ్చుట యితరుల చేతిలోని పని. తండ్రి యనునది తాను ప్రకటించుకొను బిరుదు గాదు, బిడ్డలు గుర్తింపవలసిన రూపము. నలుడు బొంకినది దమయంతిని మోసగించుటకు గాదు. గుర్తింపబడు నర్హత తన కింకను రాలేదని యెఱిగి. కార్కోటకు డిచ్చిన వస్త్రము తన యొద్దనే యున్నది. కప్పుకొన్న చాలును, పూర్వరూపము వచ్చును. అయినను బిడ్డల యెదుట కప్పుకొనలేదు. దమయంతితో ముఖాముఖి నిలిచి, ఆమె ప్రశ్నకు బదులు చెప్పిన పిదపనే కప్పుకొనెను. ఈ క్రమము యాదృచ్ఛికము గాదు.

5. రెండు పూర్వపక్షములు

మా ప్రతిపాదనకు రెండు బలమైన యాక్షేపణలు గలవు. మొదటిది: తప్పంతయు కలిది యైనపుడు నలుని బాధ్యత యెక్కడ? నలుడును దమయంతితో, రాజ్యము పోవుటయు నిన్ను విడుచుటయు నేను చేసినవి గావు, కలి చేసినవని చెప్పును. అంతటితో నాగక రెండవ స్వయంవరము చాటించితివని యామెనే తప్పుపట్టును. ఇది నలునకు శోభ దెచ్చు మాట గాదు. కాని కవి దీనిని దాచలేదు. కోలుకొన్నవాడు వినయమూర్తియై వచ్చునని లోకము కోరుకొనును. అతడు సంశయముతోను సాకుతోను వచ్చును. దమయంతి ఆ సాకును ఖండింపదు, ఒప్పుకొనదు. చాటింపు నిన్ను రప్పించుటకు చేసిన యుపాయమని చెప్పి, తన శీలమునకు వాయువును సాక్షిగ బిలుచును. కలిని గూర్చి యామె వాదమునకు దిగలేదు. వ్యసనము రోగమా దోషమా యను ప్రశ్న తేలినగాని కాపురము సాగదను నియమము లేదని యీ ఘట్టము సూచించుచున్నది.

రెండవ యాక్షేపణ యింకను కఠినము. నలుడు తుదకు మరల జూదమాడియే గదా రాజ్యము గెలిచినది! నెలదినములు విదర్భలో నుండి, నిషధకు బోయి, పుష్కరుని పిలిచి, ఒక్క పందెమున సర్వము గెలుచును. త్రాగుడు మానినవానితో ఒక్క గ్రుక్క త్రాగి నిగ్రహము చూపుమనుట వంటి దిది. ఈ ముగింపును ఉపదేశముగ గ్రహింపరాదని మేము స్పష్టముగ జెప్పుదుము. ఇది వీరగాథ కోరిన ఫలము. గాయపడిన రాజు గెలువక తప్పదు. అయినను రెండు విషయములు గమనింపదగినవి. అక్షహృదయ మనగా పాచికలపై మోహము గాదు, సంఖ్యాజ్ఞానము. చెట్టుకొమ్మల యాకులను కాయలను లెక్కపెట్టు మెలకువ. మఱియు గెలిచినవాడు పుష్కరుని చంపక, క్షమించి, వాని భాగము వానికిచ్చి పంపును. ఈ యౌదార్యము వ్యసనమున మునిగిననాడు లేనిది. ఆ పిదపనే దమయంతిని బిడ్డలను తన యింటికి రప్పించుకొనును.

6. కథ విన్నవాడు

ఉపాఖ్యానమును విమర్శించునపుడు దాని శ్రోతను మఱువరాదు. బృహదశ్వుడు ఈ కథ జెప్పినది ధర్మరాజునకు. ఆయనయు జూదమున సర్వము నోడినవాడే. పైగా నలుడు చేయనొల్లని పని, భార్యను పణముగ నొడ్డుట, చేసినవాడు. నాకంటె దుఃఖభాగి యెవ్వడైన గలడా యని యాయన యడుగగా, నీతి బోధింపక, నీవంటివా డొకడు గలడు, వినుమని ముని చెప్పును. కథ ముగిసిన పిదప అక్షహృదయమును సైతము ఆయన కుపదేశించును. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున ఒక వ్యాపారియు ఒక వైద్యుడును, ఇద్దఱును త్రాగుడుచే చెడినవారు, ఒకరి కథ నొకరికి జెప్పుకొనుటతో ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘము పుట్టినది. పడినవానికి పడినవాని మాటయే చెవికెక్కునను సూత్రము వారికంటె చాల పూర్వమే అరణ్యపర్వమున గలదు.

7. చట్టము చేయలేనిది, కావ్యము చేయనిది

మన నాట త్రాగుడును గూర్చిన ఆధునికచరిత్ర ప్రధానముగ దుకాణముల చరిత్ర. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతాతరగతులలో గూడిన స్త్రీలు సారాదుకాణమును మూయించుటతో మొదలైన యుద్యమము 1992 నాటికి రాష్ట్రమంతట వ్యాపించినది. 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో నిషేధము సడలినది. హైదరాబాదు నగరమున 2004లో మూతపడిన కల్లు దుకాణములు 2014లో మరల తెఱవబడినవి. స్త్రీలు సాధించినది సామాన్యము గాదు. కాని చట్టము పాచికలను దాచగలదు. ముఖమును తిరిగి యీయలేదు.

ముఖము నిచ్చు పని సాహిత్యమునకు కొంత చేతనగును. కాళ్లకూరివారే ‘మధుసేవ’ యను నాటకము వ్రాసి మద్యము వలని కీడును రంగస్థలమున జూపిరి. 1953 నాటి దేవదాసు చలనచిత్రము త్రాగి మరణించువానిని తెలుగువారికి ఆరాధ్యుని జేసినది. త్రాగి చచ్చినవానికి మనము కన్నీరు విడుతుము. మానివేసి మఱునాడు మూట మోయబోవువానికి ఒక పద్యమైన వ్రాయము.

నలోపాఖ్యానమునను ఒక లోటు గలదు. ఇంద్రసేనుడును ఇంద్రసేనయు తండ్రి కౌగిట నొదిగిరే గాని వారినోట నొక్క మాట లేదు. మూడేండ్లు తాతయింట నేమని యెదురుచూచిరో, ఎవడో వికృతరూపుడు తమ్ము నెత్తుకొని యేడ్చినపుడు భయపడిరో, పిమ్మట వానిని నాయనా యని యెన్నడు పిలిచిరో కవి చెప్పలేదు. కలి యెప్పుడు ప్రవేశించెనో, ఎప్పుడు నిర్గమించెనో చెప్పిన కావ్యము, బిడ్డ తండ్రి దగ్గఱకు తనంత తాను నడచి వచ్చిన క్షణమును చెప్పక విడిచినది. ఆ క్షణమును వ్రాయుట రాబోవు తెలుగు రచయిత పని. వ్రాయబూనువారు గుణనిధిని గాని బిల్వమంగళుని గాని యాదర్శముగ గొనక, తాండ్రచెట్టు క్రింద కలిని విడిచియు ముఖము రాక బండి తోలుకొనుచు పోయిన బాహుకునివద్ద మొదలిడుదురుగాక యని మా కోరిక.